హోటలు భోజనము – మనసు నెమ్మది

"ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు" అని మన పెద్దలు చెప్పినారు. మాట నిజమే. ఆకలిగొన్నవాడు ఏది పెట్టినా తింటాడు. కాని తిన్నది వంటికి పట్టినదా, తిని లేచినవాని మనసు కుదుటపడినదా అనేది వేరే ప్రశ్న. దానికి జవాబు విస్తరిలో మాత్రమే దొరకదు. విస్తరి వేసిన చోటును, వడ్డించిన చేతిని, పక్కన కూర్చున్నవారి మాటను కూడ చూడవలసి ఉంటుంది.

ఒకప్పుడు హోటలు మెట్లెక్కినాడంటే మన ఇళ్ళలో తప్పుగా ఎంచేవారు. ఇప్పుడు ఆ మాట అనేవారు లేరు. ఆలుమగలిద్దరూ ఉద్యోగాలు చేసే ఇండ్లున్నవి. పిల్లలు బెంగుళూరులోనో హైదరాబాదులోనో ఉండగా ఒంటరిగా మిగిలిన పెద్దలున్నారు. కోర్టు పనికి, మార్కెట్టు పనికి పల్లెలనుండి వచ్చేవారున్నారు. ఆసుపత్రికి అనంతపురం, కర్నూలు జిల్లాలనుండి రోగులను తీసుకొని వచ్చి, వారి పక్కన పగలూ రాత్రీ కాచుకొని ఉండేవారున్నారు. వీరందరికీ బళ్ళారి హోటళ్ళే వంటిళ్ళు. అందుచేత హోటలు వాతావరణము తినేవారి మనసును ఏ విధముగా మారుస్తుందో ఆలోచించడము కాలక్షేపపు విషయము కాదు.

పైకము తీసుకొని అన్నము పెట్టే పద్ధతి మన తెలుగువారికి కొత్తది కాదు. ఓరుగల్లు పూటకూళ్ళ ఇంట ఒక రూకకు ఎంత మంచి భోజనము దొరికేదో "క్రీడాభిరామము"లో వర్ణన కలదు. మంచి బియ్యపు అన్నము, గోధుమపిండి వంట, పంచదార, అప్పుడే కాచిన నెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు అన్నీ ఆ రూకలోనే. గురజాడవారి "కన్యాశుల్కము" చదివినవారు పూటకూళ్ళమ్మను మరచిపోలేరు. అక్కడ తినేవాడు ఒక ఇంటికి పోయి తినేవాడు. పైకమిచ్చినా ఆ ఇంటి మనిషి కనబడేది, పలుకరించేది, అవసరమైతే కోప్పడేది కూడ. తరువాత రైలు వచ్చినది, కచేరీలు వచ్చినవి, కాఫీ అలవాటైనది. ఉడుపి ప్రాంతమువారు దక్షిణ దేశమంతటా హోటళ్ళు తెరచినారు. అప్పటినుండి తినేవానికీ వండేవారికీ మధ్య గల్లాపెట్టె వచ్చి కూర్చున్నది.

ఆ పాత హోటళ్ళను తలచుకొని మురిసిపోయేవారు ఒక సంగతి మరువరాదు. వానిలో చాలచోట్ల అందరికీ ఒకే బల్ల ఉండేది కాదు. కులమునుబట్టి వేరు గదులు, వేరు గ్లాసులు ఉండేవి. కొందరు వీధిలో నిలబడి తాగి, తమ గ్లాసు తామే కడిగి బోర్లించి పోవలసి వచ్చేది. 1950లో అమలులోకి వచ్చిన మన రాజ్యాంగము 15వ అధికరణములో హోటళ్ళలో కులము పేరిట ఎవరినీ అడ్డగించరాదని శాసించినది. 1955లో అస్పృశ్యతా నేరముల చట్టము వచ్చి అది శిక్షార్హమైనది. అయినా రెండు గ్లాసుల పద్ధతి పల్లెల టీ కొట్లలో ఆ తరువాత ఎంతో కాలము నడచినది. అవమానముతో తాగిన టీలో ఎంత చక్కెర వేసినా చేదే. కాబట్టి హోటలులో మనశ్శాంతికి మొదటి మెట్టు మర్యాద. దీపాలు, అద్దాలు, చల్లగాలి యంత్రాలు అన్నీ దాని తరువాతనే.

మనసుకూ జీర్ణకోశానికీ సంబంధమున్నదని వైద్యశాస్త్రము చాలకాలము క్రిందటనే కనిపెట్టినది. 1822లో అమెరికాలో తుపాకి దెబ్బ తగిలిన ఒక యువకునికి కడుపు మీద గాయము పూర్తిగా మూయక రంధ్రముగా నిలిచిపోయినది. బోమాంట్ అనే వైద్యుడు ఆ రంధ్రము గుండా జీర్ణక్రియను సంవత్సరాల తరబడి పరీక్షించి 1833లో గ్రంథము ప్రకటించినాడు. ఆ మనిషికి కోపము వచ్చినప్పుడు కడుపు లోపలి పొర తీరే మారేదని ఆయన గమనించినాడు. 1897లో కానన్ అనే శాస్త్రజ్ఞుడు ఎక్స్‌రేతో పిల్లుల కడుపు కదలికలు చూడసాగినాడు. పిల్లి బెదిరితే ఆ కదలికలు నిలిచిపోయేవి, నెమ్మదించితే మళ్ళీ మొదలయ్యేవి. రష్యాలో పావ్లోవ్ జీర్ణక్రియ మీద చేసిన పరిశోధనకు 1904లో నోబెల్ బహుమానము లభించినది. అన్నము నోట పడకముందే, చూపుతోను వాసనతోను, కడుపులో రసాలు ఊరుతాయని ఆయన నిరూపించినాడు.

భయము, తొందర, కోపము ఉన్నప్పుడు శరీరము పోట్లాటకో పరుగుకో సిద్ధమై, నెత్తురును కండరాలకు పంపి జీర్ణక్రియను వెనుకకు నెట్టుతుంది. నెమ్మదిగా ఉన్నప్పుడే అరుగుదలకు మొదటి తావు. అన్నము ముందర కూర్చొని కోపగించుకోరాదని మన అవ్వలు చెప్పినదీ, కానన్ ఎక్స్‌రేలో చూచినదీ ఒకటే.

ఇక మన హోటళ్ళలోకి పోదాము. వేసవి మధ్యాహ్నము, బయట 40 డిగ్రీలు దాటిన ఎండ. భోజనము వేళ ఒక పెద్ద హోటలులో అడుగు పెట్టగానే చెవులు గింగురుమంటాయి. పాతకాలపు చలువరాతి బల్లలు, నున్నటి గచ్చు, ఎత్తైన గోడలు ఉన్నచోట శబ్దము ఇంకేందుకు తావు లేక తిరిగి తిరిగి కొడుతుంది. ఎవరికివారు తమ మాట వినబడాలని గొంతు పెంచుతారు. అందువల్ల రొద మరింత పెరుగుతుంది. గొంతు పెంచే ఈ అలవాటును 1911లో లొంబార్డ్ అనే ఫ్రెంచి వైద్యుడు వివరించినందున శాస్త్రములో దానికి ఆయన పేరే ఉన్నది. 2011లో ప్రకటితమైన ఒక పరిశోధన ప్రకారము పెద్ద రొదలో తినేవారికి ఉప్పూ తీపీ తక్కువగా తోస్తాయి. సాంబారులో ఉప్పు చాలలేదని సర్వరును కోప్పడే ముందు నెత్తిన మోగే టెలివిజనును ఒకసారి చూడడము మంచిది.

సంగీతము సంగతి కూడ ఇటువంటిదే. అమెరికాలో మిల్లిమాన్ అనే ఆయన 1986లో ప్రకటించిన పరిశీలనలో, మెల్లని సంగీతము పెట్టిన రోజులలో గిరాకీలు బల్ల దగ్గర సుమారు 56 నిమిషాలు కూర్చున్నారు. వేగపు సంగీతము పెట్టినప్పుడు 45 నిమిషాలకే లేచిపోయినారు. ఎవరూ వారిని లెమ్మని చెప్పలేదు. చెవిలో పడే తాళమే వారిని తరిమినది. మన హోటళ్ళలో మధ్యాహ్నము ఒంటి గంటకు డప్పుల పాటలు పెట్టేవారికి ఈ శాస్త్రము తెలిసి చేస్తున్నారో తెలియక చేస్తున్నారో గాని, ఫలితము మాత్రము అదే.

చోటు ఒక ఎత్తు, పలుకరింపు ఒక ఎత్తు. మన సరిహద్దు జిల్లాలో దీనికి మరింత ప్రాముఖ్యము ఉన్నది. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినప్పుడు పాత బళ్ళారి జిల్లానుండి ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రకు పోయినవి. బళ్ళారితో సహా తక్కిన తాలూకాలు మైసూరు రాష్ట్రములో చేరినవి. మ్యాపు మీద గీత పడినది గాని వంటింట్లో గీత పడలేదు. గీతకు అవతల ఉగ్గాని అన్నదే ఇవతల ఒగ్గరణె మండక్కి. రెండింటికీ బొరుగులే, రెండింటి పక్కనా మిరపకాయ బజ్జీయే. జొన్న రొట్టె ఖానావళిలో తెలుగువాడూ కన్నడిగుడూ ఒకే బెంచీ మీద కూర్చొని అదే గుత్తి వంకాయ కూర, అదే వేరుశనగ పొడి నంజుకొంటారు.

బళ్ళారి సర్వరు మనిషి ముఖము చూచి భాష నిర్ణయిస్తాడు. ఒక బల్ల దగ్గర "ఏను బేకు సార్" అంటాడు, మరొక బల్ల దగ్గర "ఏం కావల్లన్నా" అంటాడు, మూడవ బల్ల దగ్గర ఉర్దూలో పలుకుతాడు. లోపలికి కేకవేసేటప్పుడు మూడూ కలిపి వేస్తాడు. ఇది మనకు అలవాటై వింతగా తోచదు. కాని ఆదోని పక్క పల్లెనుండి వచ్చి, భర్తను ఆసుపత్రిలో పడుకోబెట్టి, దిక్కు తోచక ఒక మూల కూర్చున్న స్త్రీకి "ఏమి తింటావమ్మా" అని తన భాషలో ఒక మాట వినబడితే ఎంత ఊరటో ఆలోచించండి. ఆ మాటకు హోటలువారికి పైసా ఖర్చు లేదు. మనము కూడ తెలుగువారమన్న పంతముతో కన్నడ సర్వరు దగ్గర బిగుసుకొని కూర్చోనక్కరలేదు. రెండు భాషలూ వచ్చినవారమై ఉండి, అతని భాషలో నీళ్ళు అడిగితే మన గౌరవము తరగదు. మర్యాద ఇచ్చి పుచ్చుకొనేది గదా.

ఇప్పుడు కూర్చోవడమును గురించి చెప్పవలసి ఉన్నది. 1980 ప్రాంతములనుండి బెంగుళూరులో దర్శినులనే హోటళ్ళు పుట్టి రాష్ట్రమంతటా వ్యాపించినవి. టోకెను తీసుకొని, మన ప్లేటు మనమే తెచ్చుకొని, ఎత్తుబల్ల దగ్గర నిలబడి తినవలెను. శుభ్రత బాగున్నది, ధర అందుబాటులో ఉన్నది, వంట కళ్ళెదుటనే జరుగుతున్నది, అందరికీ ఒకే వరుస. ఇవి చిన్న మేళ్ళు కావు. తొందర పనిమీద ఉన్నవారికి అంతకన్న మంచి ఏర్పాటు లేదు. కాని అందరూ తొందరలో లేరు.

నాకు తెలిసిన ఒక పెద్దాయన సంగతి చెబుతాను. ఉద్యోగము మాని చాల ఏండ్లయినది. భార్య పోయినది, కుమారుడు పరఊరిలో ఉన్నాడు. ప్రతి ఉదయము ఒక పాత హోటలు మూల బెంచీ మీద ఆయనా ఇంకా ముగ్గురు మిత్రులూ కూర్చొని రెండు ప్లేట్ల ఇడ్లీ, రెండు బై టూ కాఫీలు చెప్పేవారు. అక్కడే పత్రిక చదివేవారు. బళ్ళారి రాఘవగారి నాటకాలను గురించి తమ తండ్రులు చెప్పగా విన్న సంగతులు తలచుకొని వాదించుకొనేవారు. తరువాత ఆ హోటలును కొత్తగా మార్చినారు. బెంచీలు తీసి నిలువు బల్లలు వేసినారు. మోకాళ్ళ నొప్పులవారు ఎంతసేపు నిలబడగలరు? నలుగురూ చెదరిపోయినారు. ఈయన ఇడ్లీ పార్సలు తెప్పించుకొని ఇంట్లో తినసాగినాడు. అవే ఇడ్లీలు, అదే చట్నీ. కొన్ని నెలలలో మనిషి సగమైనాడు. కొడుకు వచ్చి ఆసుపత్రిలో చూపిస్తే రోగమేమీ కనబడలేదు. "తినబుద్ధి కావడము లేదా" అని నేనడిగితే, "నిలబడి తినేది గుర్రము గదప్పా. మనిషికి కూర్చోవల్ల, ఎదురుగా ఇంకొక మనిషి ఉండవల్ల" అన్నాడు.

ఆ హోటలు యజమానిని తప్పు పట్టలేము. బాడుగ, కరెంటు, గ్యాసు, జీతాలు అన్నీ పెరిగినవి. నాలుగు కాఫీలకు బదులు రెండు చెప్పి రెండు గంటలు బెంచీ పట్టుకొంటే ఆయనకు గిట్టదు. "ఇచ్చట రాజకీయములు మాట్లాడరాదు" అనే పాత బోర్డుల వెనుక ఉన్న బాధ కూడ సగము ఇదే. అయితే గిట్టుబాటు చేసుకొంటూనే చోటిచ్చినవారూ ఉన్నారు. 1957లో కాఫీ బోర్డువారు తమ కాఫీ హౌసులు మూసివేయగా, ఉద్యోగము పోయిన పనివారు ఏ.కె. గోపాలన్‌గారి ప్రోత్సాహముతో సహకార సంఘాలుగా ఏర్పడినారు. బెంగుళూరులో, ఢిల్లీలో ఆ యేడే సంఘాలు మొదలైనవి. ఒక కప్పు కాఫీతో గంటలు కూర్చున్నా లెమ్మనరన్నదే ఇండియన్ కాఫీ హౌసులకు పేరు తెచ్చినది. ఇల్లు కాక, పనిచేసే చోటు కాక, మనిషి పోయి నలుగురితో ఊరకే కూర్చొనే మూడవ చోటు ఒకటి ఉండవలెనని అమెరికా సంఘశాస్త్రజ్ఞుడు ఓల్డెన్‌బర్గ్ 1989లో ఒక గ్రంథమే వ్రాసినాడు. మన రచ్చబండ అటువంటిదే. పట్టణములో రచ్చబండ లేనివారికి కాఫీ హోటలే ఆ చోటు.

ఒంటరి భోజనము మన దేశపు బాధ మాత్రమే కాదు. 2025 సంవత్సరపు ప్రపంచ సంతోష నివేదికలో, పదిమందితో కలసి తినేవారు తమ బ్రతుకు పట్ల ఎక్కువ తృప్తి చెప్పుకొంటున్నారని వ్రాసినారు. అమెరికాలో 2023లో ప్రతి నలుగురిలో ఒకరు, క్రిందటి రోజు అన్ని పూటలూ ఒంటరిగానే తిన్నామని చెప్పినారట. 2003తో పోల్చితే ఇది 53 శాతము పెరుగుదల. మనకు అంత దూరము రాలేదని ధైర్యపడవచ్చును గాని, పార్సలు సంచులు మోసే మోటారు సైకిళ్ళు మన వీధులలోనూ తిరుగుతున్నవి. 2020 మార్చిలో కరోనా వల్ల హోటళ్ళు మూతపడి, జూన్ 8వ తేదీనుండి కూర్చొని తినడానికి మళ్ళీ అనుమతి వచ్చినది. ఆ రెండున్నర నెలలలో మనకు కొదువైనది వంటకము కాదు. బయటికి పోయి నలుగురి మధ్య కూర్చోవడము.

కలసి కూర్చున్నంత మాత్రాన కలసి తిన్నట్లు కాదు. కుటుంబములో నలుగురు హోటలుకు పోతే నాలుగు ఫోనులు బల్ల మీద ఉంటాయి. 2018లో ప్రకటితమైన ఒక పరీక్షలో, ఫోను బల్ల మీద పెట్టుకొని తిన్నవారు, దూరముగా పెట్టినవారికన్న తక్కువ ఆనందించినట్లు తేలినది. తేడా పెద్దది కాకపోయినా స్పష్టముగా ఉన్నదట. ఇది హోటలువారి చేతిలో లేదు, మన చేతిలో ఉన్నది.

స్త్రీల సంగతి ప్రత్యేకముగా చెప్పవలెను. మన హోటళ్ళలో "ఫ్యామిలీ రూము" అనే తెరలు కట్టిన గదులు చాలకాలము నడచినవి. స్త్రీ నలుగురి చూపులు లేకుండా నెమ్మదిగా తినడానికి అది వీలైనది. కాని ఆ తెర వెనుక గాలి తక్కువ, వెలుతురు తక్కువ, సర్వరు వచ్చేది కూడ ఆలస్యము. పైగా ఒంటరిగా వచ్చిన స్త్రీకి అందులోనూ చోటు సందేహమే. ఉద్యోగము చేసే ఆడపిల్ల నడిహాలులో ఒక బల్ల దగ్గర ఒంటరిగా కూర్చొని, ఎవరూ తేరిపార చూడకుండా, నిదానముగా దోసె తిని పోగలిగితే ఆ హోటలు మంచి హోటలు. ఈ ఒక్క గుర్తు చాలును. 2008 అక్టోబరు 2వ తేదీనుండి బహిరంగ స్థలములలో పొగ త్రాగడము నిషేధించడము వల్ల స్త్రీలకు, పిల్లలకు హోటళ్ళు కొంత సుఖమైనవి.

తినేవారి మనసును గురించి ఇంత చెప్పుకొని వడ్డించేవారి మనసును మరువరాదు. బల్ల తుడిచే పిల్లవానిని యజమాని గల్లా దగ్గరనుండి తిట్టుతుంటే, విన్నవారికి ముద్ద దిగదు. 14 ఏండ్లలోపు పిల్లలను హోటళ్ళలో పనికి పెట్టరాదని 2006 అక్టోబరు 10వ తేదీనుండి నిషేధము అమలైనది. పెద్దవారైనా తెల్లవారు జామునుండి రాత్రి వరకు నిలబడి పనిచేసేవారు చిరునవ్వుతో వడ్డించాలంటే వారికి కూడ కూర్చొని తినే వేళ ఒకటి ఉండవలెను. మనము వారిని "ఏయ్" అని చిటిక వేసి పిలువక "అన్నా", "తమ్ముడూ" అని పిలిస్తే ఆ బల్ల దగ్గర గాలియే మారుతుంది.

డబ్బున్నవారికే మనశ్శాంతి అనుకోనక్కరలేదు. కర్ణాటకములో 2017 ఆగస్టులో ఇందిరా క్యాంటీనులు మొదలైనవి. ఉదయపు ఫలహారము 5 రూపాయలు, భోజనము 10 రూపాయలు అని ధర పెట్టినారు. ఆంధ్రలో 2018లో 5 రూపాయల అన్న క్యాంటీనులు తెరచినారు. అవి 2019లో మూతపడి, 2024 ఆగస్టులో మళ్ళీ ప్రారంభమైనవి. ఇట్టి చోట్ల హమాలీ, విద్యార్థి, గుమాస్తా ఒకే వరుసలో నిలబడుతారు. అది దానము కాదు. వెల ఇచ్చి తింటున్నానన్న ధైర్యము తినేవానికి ఉంటుంది. నేల శుభ్రముగా ఉండి, కొన్ని కుర్చీలు ముసలివారికి వేసి, వడ్డించేవారు విసుగు చూపకపోతే 10 రూపాయల అన్నము కూడ ఇంటి అన్నమే అవుతుంది.

హోటలు నడిపే మన సోదరులకు ఒక మనవి. హాలంతా మార్చనక్కరలేదు. ఒక మూల నాలుగు కుర్చీలు పెద్దవారికోసము ఉంచండి. మధ్యాహ్నము మూడు గంటలకు బల్లలు ఖాళీగా ఉండే వేళ వారిని కూర్చోనివ్వండి. టెలివిజను శబ్దము తగ్గించండి. గోడకు ఒక మందపు తెర కట్టినా రొద కొంత మింగుతుంది. చేతులు కడిగే చోటు తినేవారి ముఖానికి ఎదురుగా లేకుండా చూడండి.

మన సంఘ సభ్యులకు కూడ ఒక మాట. మన వీధిలో ఒంటరిగా పార్సలు తెప్పించుకొని తినే పెద్దలెవరో మనకు తెలుసు. నెలకొకసారి సంఘము పక్షాన అట్టివారిని నలుగురిని కూడగట్టి, కూర్చొని తినే హోటలుకు పిలుచుకొని పోయేందుకు పెద్ద చందాలు అవసరము లేదు. ఎవరి బిల్లు వారు చెల్లించినా సరే. పైన చెప్పిన పెద్దాయన, ఆయన మిత్రులలో మిగిలిన ఇద్దరూ ఇప్పుడు కౌల్ బజారు పక్క ఒక చిన్న హోటలులో బెంచీ దొరికి అక్కడ కూర్చొంటున్నారు. బెంచీ మీద ఇంకొకరికి చోటున్నది.